విశాఖ మెట్రో స్టేషన్ల నక్షాలు గీస్తున్నవారికి: ఫుట్‌పాత్ దగ్గర మొదలుపెట్టండి

ఆంధ్రప్రదేశ్ మెట్రో రైల్ కార్పొరేషన్ అధికారులకు, స్టేషన్ల నక్షాల మీద పనిచేస్తున్న ఇంజినీర్లకు, ఆర్కిటెక్టులకు,

నమస్కారం.

విశాఖకి మెట్రో ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్న లక్షల మందిలో నేనూ ఒకణ్ణి. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్లు, గురుద్వారా నుంచి ఓల్డ్ పోస్టాఫీసు దాకా 5.08, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు దాకా 6.75. మొత్తం 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు అన్నది మొదటి దశ ప్రతిపాదన. పేపర్లో చదివి చదివి ఈ అంకెలు మాకు కంఠతా వచ్చేశాయి. నిధులు ఎవరిస్తారు, టెండర్లు ఎప్పుడు, ఏ షాపులు పోతాయి అన్న మాటలు టీ కొట్ల దగ్గర కూడా వినబడుతున్నాయి. స్టేషన్ లోపల ఏది ఎక్కడుండాలి అన్న మాట మాత్రం ఎవరి నోటా వినలేదు. అందుకే ఈ లేఖ.

రైలు మార్గం ఎటు పోవాలో నేను చెప్పబోవడం లేదు. అది మీ పని, మీకే బాగా తెలుసు. కానీ మెట్లు ఎక్కడ దిగాలి, లిఫ్టు ఏ వైపు ఉండాలి, టికెట్ గేట్లు హాల్లో ఎక్కడ అడ్డం రావాలి అన్నవి రోజూ ఎక్కిదిగేవాళ్లకే ఎక్కువ తెలుస్తాయి. రైళ్లు చాలకపోతే తర్వాత పెంచుకోవచ్చు, టైమింగ్స్ మార్చుకోవచ్చు. ఒకసారి కాంక్రీటు పోశాక స్టేషన్‌ని మార్చడం మాత్రం మహా కష్టం.

ఉప్పల్ సంగతే చూడండి. 2017 నవంబరులో హైదరాబాద్ మెట్రో మియాపూర్, అమీర్‌పేట, నాగోలు మార్గంలో 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లతో మొదలైంది. ఆ మార్గంలోనే ఉప్పల్ స్టేషన్ ఉంది. పక్కనే రింగురోడ్డు కూడలి. వరంగల్ బస్సులు, సిటీ బస్సులు, లారీలు అన్నీ అక్కడే. అలాంటి కూడలిలో రైలెక్కేవాడికీ దిగేవాడికీ రోడ్డు దాటడమే పెద్ద గండం. చివరికి హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వేరుగా స్కైవాక్, అంటే రోడ్డు మీదుగా నడిచే వంతెన కట్టింది. అది అందుబాటులోకి వచ్చేసరికి 2023. చాలా మంచి పని చేశారు, అందులో సందేహం లేదు. కానీ స్టేషన్‌కీ స్కైవాక్‌కీ మధ్య ఐదేళ్లకు పైగా గడిచిపోయాయి. స్టేషన్ నక్షాలోనే కూడలి నాలుగు వైపులా దిగే దారులు గీసి ఉంటే ఆ ఎదురుచూపు ఉండేది కాదు. మన ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, గాజువాక కూడళ్లు ఉప్పల్ కన్నా తేలికైనవేమీ కావు. అక్కడ హైవే దాటడమంటే ఏమిటో మీరు ఒక్క సాయంత్రం నిలబడి చూస్తే చాలు.

ఎత్తు మీద కట్టే స్టేషన్‌కి మూడు అంతస్తులుంటాయి. కింద రోడ్డు. దాని మీద కాంకోర్సు, అంటే టికెట్లు, తనిఖీ, గేట్లు ఉండే హాలు. ఆ పైన ప్లాట్‌ఫాం. రోడ్డు మీద వాహనాలు పోవడానికి 5.5 మీటర్ల ఖాళీ వదలాలి కాబట్టి కాంకోర్సు నేల అంతకన్నా పైనే మొదలవుతుంది. ప్లాట్‌ఫాం చేరేసరికి మామూలుగా 12, 13 మీటర్లు. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకుంటే ఎనభైకి పైగా మెట్లు. పాతికేళ్ల కుర్రాడికి అదొక లెక్క కాదు. మోకాళ్లు అరిగిపోయిన మనిషికి మాత్రం ఆ ఎనభై మెట్లే రైలెక్కాలా, ఆటోకి డబ్బులు పెట్టాలా అన్నది తేల్చేస్తాయి.

మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. వేరే ఊళ్లో ఒక మెట్రో స్టేషన్‌లో దిగినప్పుడు లిఫ్టు రోడ్డుకి అవతలి వైపు ఉంది, మేం వెళ్లాల్సిన ఆసుపత్రి ఇవతలి వైపు ఉంది. లిఫ్టులో దిగితే ఆరు వరసల రోడ్డు దాటాలి, దాటకూడదంటే మెట్లు దిగాలి. అమ్మ మెట్లే అంది. కుడిచేత్తో రెయిలింగ్ పట్టుకుని, ముందు ఎడమకాలు దింపి, దాని పక్కన కుడికాలు పెట్టి, మళ్లీ ఎడమకాలు. వెనకాల వచ్చేవాళ్లకి అడ్డమవుతున్నానేమోనని మలుపు దగ్గర గోడకి ఆనుకుని ఆగి, అందరూ వెళ్లాక మళ్లీ మొదలుపెట్టింది. అంతసేపూ ఆమెకి నొప్పి కన్నా ఎదుటివాళ్లని ఆపుతున్నానన్న ఇబ్బందే ఎక్కువ. లిఫ్టు లేదని కాదు, ఉంది. కాగితం మీద ఆ స్టేషన్‌కి లిఫ్టు సౌకర్యం ఉన్నట్టే లెక్క. అందుకే మిమ్మల్ని అడిగేది, స్టేషన్‌కి ఎన్ని లిఫ్టులు అని కాకుండా రోడ్డుకి ఒక్కో వైపు ఎన్ని లిఫ్టులు అని లెక్క వేయండి.

ఒక్కో వైపు ఒకటి కూడా చాలదు. మెట్రో స్టేషన్లలో అగ్నిప్రమాద భద్రతకి పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ 130 ప్రమాణం మీకు నాకన్నా బాగా తెలుసు. ప్రమాదం జరిగితే ప్లాట్‌ఫాం నాలుగు నిమిషాల్లో ఖాళీ కావాలి, ఆరు నిమిషాల్లో జనం సురక్షితమైన చోటికి చేరాలి అంటుంది అది. ఆ లెక్క వేసేటప్పుడు ఒక ఎస్కలేటర్ పనిచేయడం లేదనే అనుకోమంటుంది. చాలా తెలివైన నియమం. యంత్రమన్నాక ఆగుతుంది, మరమ్మతుకి వస్తుంది. మరి లిఫ్టుకీ అదే సూత్రం ఎందుకు వర్తించకూడదు? ఒక లిఫ్టు బాగుచేయిస్తున్న వారం రోజులూ చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు ఇంట్లో కూర్చోవాలా? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రవాణాలో అందరికీ సమానంగా అందుబాటు ఉండాలని స్పష్టంగా చెప్పింది. రెండు వైపులా రెండేసి లిఫ్టులు ఖర్చే, కాదనను. 42 స్టేషన్ల మీద చూస్తే పెద్ద మొత్తమే అవుతుంది. ముందే గుంతలకి, స్తంభాలకి చోటు వదిలితే రెండోది తర్వాతైనా పెట్టుకోవచ్చు. చోటే లేకపోతే ఎప్పటికీ రాదు.

ఇప్పుడు డబుల్ డెక్కర్ సంగతి. మధురవాడ వైపు, గాజువాక వైపు కింద రోడ్డు, మధ్యలో ఫ్లైఓవర్, పైన మెట్రో అనే ప్రతిపాదన ఉంది. నాగపూర్ వార్ధా రోడ్డులో 3.14 కిలోమీటర్ల మేర ఇలాంటిదే కట్టారు, దాని మీద మూడు స్టేషన్లు కూడా ఉన్నాయి. హైవే రద్దీకి ఇది మంచి ఆలోచనే. కానీ స్టేషన్ ఎత్తు ఏమవుతుందో ఒక్కసారి చూడండి. మధ్యలో ఇంకో 5.5 మీటర్ల ఖాళీ వచ్చి చేరుతుంది. అంటే కనీసం ఇంకో 37 మెట్లు, ఫ్లైఓవర్ మందం వేరే. పైకి వెళ్లే మెట్లు నూట ఇరవై దాటిపోతాయి. అలాంటి చోట ఎస్కలేటర్ ఉంటే బాగుంటుంది అనడానికి లేదు, ఉండి తీరాలి. ఎక్కడానికే కాదు, దిగడానికీ ఉండాలి. చాలాచోట్ల పైకి పోయే ఎస్కలేటర్ ఒక్కటే పెట్టి, దిగేటప్పుడు మెట్లు చాల్లే అని వదిలేస్తారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని అడగండి, ఎక్కడం కన్నా దిగడమే నరకం అంటారు.

కాంకోర్సు దగ్గరికి వద్దాం. నా దృష్టిలో స్టేషన్ బాగుందా లేదా అన్నది తేలేది ఇక్కడే. ఈ హాలు రెండు భాగాలుగా ఉంటుంది. టికెట్ లేనివాళ్లు కూడా తిరగగలిగే భాగం ఒకటి, గేటు దాటాక వచ్చే భాగం ఇంకొకటి. గేట్లు ఎక్కడ పెడతారన్న దాన్నిబట్టి ఆ స్టేషన్ ఊరికి ఉపయోగపడేదీ లేనిదీ ఉంటుంది. టికెట్ లేని భాగం ఈ ఫుట్‌పాత్ మెట్ల నుంచి ఆ ఫుట్‌పాత్ మెట్ల దాకా తెగకుండా ఉంటే, రైలెక్కనివాళ్లు కూడా హాయిగా రోడ్డు దాటొచ్చు. స్కూలు పిల్లలు, కూరగాయల సంచులతో వెళ్లే ఆడవాళ్లు, అవతల బస్సు పట్టుకోవాల్సినవాళ్లు, అందరూ. గేట్లు మధ్యలో అడ్డంగా వస్తే హాలు రెండు ముక్కలవుతుంది, పాపం వాళ్లంతా మళ్లీ డివైడర్ దూకాల్సిందే. మన ఊళ్లో జాతీయ రహదారి 16 ఊరిని నిలువునా చీల్చుకుంటూ పోతోంది. మొదటి కారిడార్‌లో, అంటే స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా పోయే మార్గంలో, 29 స్టేషన్లు ప్రతిపాదించారు. రహదారి మీదుగా పోయే ప్రతి స్టేషనూ ఒక పాదచారుల వంతెన కాగలదు. ఇంత అవకాశం మళ్లీ రాదు. మెట్రో నడవని వేళల్లో, తెల్లవారుజామున కూడా, ఆ దారి తెరిచే ఉంచాలని నా విన్నపం. ఎవరు కాపలా కాయాలి, లైట్ల కరెంటు బిల్లు ఎవరు కట్టాలి అన్నది మన నగరపాలక సంస్థ జీవీఎంసీతో ఇప్పుడే మాట్లాడుకోండి. లేదంటే ప్రారంభోత్సవం అయిన మర్నాడే షట్టరు దించేస్తారు.

తనిఖీ దగ్గర క్యూ ఎక్కడ నిలబడుతుందో కూడా నక్షా మీద గీయండి. మెటల్ డిటెక్టర్, బ్యాగుల స్కానర్ పెట్టేది కాంకోర్సు మొదట్లోనే. మెట్లెక్కి పైకి రాగానే స్కానర్ ఉంటే, సాయంత్రం ఏడింటికి క్యూ మెట్ల మీదకి దిగుతుంది. దానికి వాన తోడైతే కింద తడవకుండా నిలబడ్డవాళ్లు కూడా అక్కడికే చేరతారు. ముంబైలో 2017 సెప్టెంబరులో ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మెట్ల మీద జరిగిన తొక్కిసలాట గుర్తుందా? అది లోకల్ రైళ్ల స్టేషన్, మెట్రో కాదు. అయినా సంగతి ఒకటే. వాన పడుతోంది, జనం మెట్ల మీద ఆగారు, కిందినుంచి పైనుంచి ఇంకా వస్తూనే ఉన్నారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇరుకు మెట్లు, నిలబడిపోయిన జనం, వాన. ఈ మూడూ ఒకచోట కలవకుండా చూడటం నక్షా గీసేవాళ్ల చేతిలో ఉన్న పని.

వాన గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మనది విశాఖ. వానొస్తే బండివాళ్లు, నడిచేవాళ్లు అందరూ స్టేషన్ కిందకే చేరతారు. అది సహజం, రోడ్డు మీద ఇంకెక్కడుంది నీడ? 2019 సెప్టెంబరులో అమీర్‌పేట స్టేషన్ కింద అలా వానకి ఆగిన ఒక యువతి మీద పైనుంచి పెచ్చు ఊడి పడి ఆమె ప్రాణం పోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. స్టేషన్ కింద జనం నిలబడతారు అన్నది ముందే ఒప్పుకుని, దానికి తగ్గట్టు కట్టాలి. పైకప్పు అడుగుభాగం తనిఖీ చేయడానికి దారి ఉండాలి, పెచ్చులూడే పూతలు వద్దు, వాననీళ్లు పైపుల్లోంచి నేరుగా కాలవలోకి పోవాలి కానీ ఫుట్‌పాత్ మీద ధారగా పడకూడదు. నిలబడేవాళ్లకి కాస్త చోటు, ఒక బల్ల, మంచి వెలుతురు ఉంటే ఇంకా మేలు.

ఇక గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన విమానాశ్రయం పైకప్పు ఎలా లేచిపోయిందో ఈ ఊళ్లో ఉన్న ఎవరూ మరిచిపోరు. మెట్రో ప్లాట్‌ఫాం అంతకన్నా తెరుచుకుని ఉండే కట్టడం, పైగా ఎత్తు మీద ఉంటుంది. మిగతా ఊళ్లలో వేసిన రేకుల కప్పుల డిజైన్ యథాతథంగా తెచ్చి ఇక్కడ బిగించొద్దు. తుపాను లేని రోజుల్లో కూడా సముద్రం మీంచి వచ్చే వాన నిలువుగా పడదు, ఏటవాలుగా కొడుతుంది. ప్లాట్‌ఫాం మధ్యదాకా తడుస్తుంది, నున్నటి గ్రానైట్ పరిస్తే జారుతుంది. ఉప్పుగాలికి రెయిలింగులు, బోల్టులు, లిఫ్టు తలుపులు తుప్పు పడతాయి. ఇవి మాకు ఇంట్లో గ్రిల్స్ దగ్గర రోజూ తెలిసే విషయాలే.

ప్లాట్‌ఫాం విషయంలో మీ ముందు రెండు దారులుంటాయి. పట్టాలు మధ్యలో, ప్లాట్‌ఫాంలు రెండు పక్కలా పెట్టడం ఒకటి. హైదరాబాద్‌లో చూసేది ఎక్కువగా ఇదే. రైలు వంతెన తిన్నగా పోతుంది, కట్టడం సులువు, ఖర్చు తక్కువ. కాకపోతే ఒక్కో ప్లాట్‌ఫాంకి విడిగా లిఫ్టు, ఎస్కలేటర్ కావాలి, పొరపాటున తప్పు వైపు ఎక్కినవాళ్లు మళ్లీ కాంకోర్సుకి దిగి రావాలి. ప్లాట్‌ఫాం మధ్యలో, పట్టాలు రెండు పక్కలా పెట్టడం రెండోది. ఇందులో వంతెన విడిపోయి మళ్లీ కలవాలి, రోడ్డు వెడల్పు కావాలి. కానీ ఒకే లిఫ్టు రెండు వైపుల రైళ్లకీ పనికొస్తుంది. అన్ని స్టేషన్లకీ ఒకే పద్ధతి అని ముందే నిర్ణయించేయకండి. గురుద్వారా, తాటిచెట్లపాలెం దగ్గర ఒక కారిడార్ నుంచి ఇంకో కారిడార్‌కి జనం మారాలి. ఆ రెండు చోట్ల కొంచెం ఎక్కువ ఖర్చయినా ఆలోచించండి. హాంకాంగ్‌లో మాంగ్‌కాక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ స్టేషన్లలో రైలు దిగి అదే ప్లాట్‌ఫాంలో ఎదురుగా నాలుగడుగులు వేస్తే రెండో లైను రైలు. మెట్టు కూడా ఎక్కనక్కర్లేదు. అమీర్‌పేటలో రెండు లైన్లు ఒకదాని మీద ఒకటి వస్తాయి, కింద మియాపూర్, ఎల్బీనగర్ రైలు, పైన నాగోలు, రాయదుర్గం రైలు. టికెట్ గేటు దాటకుండానే మారొచ్చు, అది గొప్ప సౌకర్యం. కానీ సుమారు వెయ్యి మంది పట్టే రైలు నిండుగా వచ్చి ఒక్కసారి తలుపులు తెరిస్తే అందరూ అవే మెట్ల మీద పడతారు. మన జంక్షన్లు అమీర్‌పేటంత పెద్దవి కాకపోవచ్చు. అయినా ముప్పై ఏళ్ల తర్వాతి ఊరిని ఊహించి గీయండి. రైలుకి పెట్టెలు పెంచాల్సి వస్తే ప్లాట్‌ఫాం పొడిగించుకునే చోటు ఇప్పుడే ఉంచుకోండి.

అలాగని పెద్దదే గొప్ప అనుకోవద్దని కూడా మనవి. చెన్నైలో 1995లో మొదలైన ఎంఆర్‌టీఎస్ అనే లోకల్ రైలు మార్గం స్టేషన్లు ఎంత భారీగా ఉంటాయో చూసే ఉంటారు. దుకాణాలొస్తాయని కట్టిన అంతస్తులు ఏళ్ల తరబడి ఖాళీగా, చీకటిగా పడి ఉన్నాయి. రాత్రి తొమ్మిదింటికి ఆడపిల్ల ఒంటరిగా అలాంటి హాల్లోంచి నడవాలంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఆలోచించండి. మాకు మాల్ అక్కర్లేదు. టికెట్ హాలుకీ రోడ్డుకీ మధ్య మూలలు, మలుపులు తక్కువగా ఉండి, ఒక చివర నిలబడితే రెండో చివర కనబడాలి. టాయిలెట్లు గేటుకి బయటా లోపలా రెండు చోట్లా ఉండాలి. మందుల షాపు, పాల బూత్, టీ కొట్టు ఉంటే చాలు, రాత్రిదాకా వెలుతురూ మనిషి అలికిడీ ఉంటాయి.

చూపు లేనివాళ్ల కోసం పరిచే, కాలికి తగిలేలా ఉబ్బెత్తు చుక్కలు, గీతలు ఉండే పసుపు పలకల్ని 1965లో జపాన్‌లో సెయిచి మియాకె కనిపెట్టారు. 1967లో ఒకాయామాలో మొదట రోడ్డు మీద వేశారు. ఇప్పుడు మన దేశంలోనూ మెట్రో స్టేషన్లన్నిటిలో వేస్తున్నారు, సంతోషం. ఆ పలకలు స్టేషన్ మెట్ల కింద ఆగిపోకూడదు. బస్టాపు దాకా, ఆటో స్టాండు దాకా పోవాలి. స్టేషన్ గడప దాటితే జీవీఎంసీ పరిధి, హైవే మీదయితే ఇంకొకరి పరిధి అని వదిలేస్తే, కర్ర తాటించుకుంటూ వచ్చే మనిషి కరెంటు స్తంభం దగ్గరో, పానీపూరీ బండి దగ్గరో ఆగిపోతాడు. ఆటోలు ఎక్కడ ఆగుతాయో కూడా మీరే గీయండి. మీరు గీయకపోతే సరిగ్గా మెట్ల ముందే ఆగుతాయి, ఆ తప్పు ఆటోవాళ్లది కాదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి కేజీహెచ్ పెద్దాసుపత్రికి వచ్చే రోగులు, వాళ్ల వెంట అన్నం క్యారేజీలు, దుప్పట్లు పట్టుకొచ్చేవాళ్లు రేపు ఈ మెట్రోయే ఎక్కుతారు. పెద్ద సంచి పట్టే వెడల్పు గేటు ప్రతి స్టేషన్‌లో రెండు వైపులా కనీసం ఒక్కొక్కటి ఉండేలా చూడండి. అక్షరం రాని వాళ్లకి కూడా ఏ వైపు వెళ్లాలో తెలిసేలా బొమ్మలు, రంగులు వాడండి, బోర్డు మీద తెలుగు అక్షరాలు పెద్దవిగా వేయండి.

ఇవన్నీ మీకు తెలియవని నేను అనుకోవడం లేదు. మీలో చాలామంది ఇతర నగరాల్లో మెట్రోలు కట్టి వచ్చిన అనుభవం ఉన్నవాళ్లే. కానీ గడువు దగ్గరపడ్డప్పుడు, ఖర్చు తగ్గించమని పైనుంచి మాట వచ్చినప్పుడు మొదట కోత పడేది రెండో లిఫ్టు మీద, అవతలి వైపు మెట్ల మీద, దిగే ఎస్కలేటర్ మీద. రైలు పెట్టెల సంఖ్య మీద, సిగ్నలింగ్ మీద పడదు. ఎందుకంటే మెట్ల గురించి అడిగేవాళ్లు ఆ గదిలో ఉండరు.

కాబట్టి నేను అడిగేది ఇదీ. ప్రతి స్టేషన్ నక్షాని, రోడ్డు, కాంకోర్సు, ప్లాట్‌ఫాం మూడు అంతస్తులూ విడివిడిగా, తెలుగు పేర్లతో, ఆ స్టేషన్‌కి దగ్గరగా ఉన్న వార్డు సచివాలయంలో గోడ మీద పెట్టండి. రోడ్డు నుంచి ప్లాట్‌ఫాంకి ఎన్ని మెట్లు, లిఫ్టులు ఏ ఫుట్‌పాత్ వైపు ఎన్ని, టికెట్ లేకుండా రోడ్డు దాటే దారి ఉందా లేదా, ఉంటే ఏ వేళల్లో తెరిచి ఉంటుంది అన్నవి దాని కిందే రాయండి. నెల రోజులు ఉంచండి. ఆ నెలలో ఒక ఆదివారం మీ ఇంజినీరు ఒకరు వచ్చి కూర్చుంటే, కాలనీలోని పెద్దవాళ్లు, చక్రాల కుర్చీ వాడేవాళ్లు, చూపు లేనివాళ్లు, ఆటో డ్రైవర్లు, ఆ కూడలిలో బండి పెట్టుకుని బతికేవాళ్లు వచ్చి తమ మాట చెబుతారు. వాళ్లు చెప్పిన వాటిలో ఏది మార్చారు, ఏది కుదరదు, ఎందుకు కుదరదు అన్నది అదే గోడ మీద మళ్లీ పెట్టండి. స్టేషన్ల స్తంభాలకి పునాదులు తవ్వకముందే ఈ పని జరగాలి. విజయవాడలో గన్నవరం, పెనమలూరు కారిడార్లకి కూడా ఇదే పద్ధతి పాటిస్తే అక్కడివాళ్లకీ మేలు చేసినవాళ్లవుతారు.

మా వార్డులో నక్షా పెట్టే రోజు ముందుగా తెలియజేస్తే, అపార్ట్‌మెంట్ల అసోసియేషన్లకి చెప్పి జనాన్ని తీసుకొచ్చే బాధ్యత నాది.

ఇట్లు,
విశాఖపట్నం పౌరుడు